నాన్న బిగించిన బోల్టు

మా నాన్న బిగించిన బోల్టు మీద ఇంకొకరు పానా పెట్టకూడదు. మా ఇంట్లో ఇలాంటి చట్టాలు చాలానే ఉన్నాయి గానీ, అమ్మ కూడా మీరనిది ఇదొక్కటే. ఒకసారి తమ్ముడు బుద్ధి గడ్డి తిని, నాన్న బిగించి వదిలిన ట్రాక్టరు చక్రం నట్లను మళ్ళీ బిగించబోయాడు. నాన్న ఒక్క మాట అనలేదు. చేతిలోని గ్రీజు గుడ్డ కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళపాటు షెడ్డు వైపు తొంగి కూడా చూడలేదు. ఆ మౌనం కంటే నాలుగు తిట్టినా బాగుండేదని తమ్ముడు నా దగ్గర వాపోయాడు.

నాన్నకి ఆ హక్కు ఊరికే రాలేదు. మా వరికోత మిషను నాకంటే వయసులో పెద్దది. కొత్త మిషన్లు కొన్నవాళ్ళు కోతల మధ్యలో నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంటే, మాది దగ్గుకుంటూ మూలుగుకుంటూనే మా చేనూ, మాతో కలిసి పని చేసుకునే ఇరుగుపొరుగు చేలూ ప్రతి ఏడూ కోసిపెట్టేది. దాంట్లో ఏ మూల ఏ నట్టు ఉందో నాన్నకి కళ్ళు మూసుకున్నా తెలుసు. బిగించాక బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. గీత కలిసి ఉంటే బోల్టు కదలనట్టు, విరిగి ఉంటే కదిలినట్టు. పొద్దున్నే మిషను చుట్టూ ఒక్క చుట్టు తిరిగి, గీతలన్నీ చూసుకుని, "ఊ, ఎక్కు" అనేవాడు నాతో. మిషను నడిపేది నేను. ఆయన "ఊ" అన్నాక నాకు ఇంకే భయమూ ఉండేది కాదు.

ఆ ఏడు కోతలకు ముందు నాన్నకి పెద్ద జబ్బు చేసింది. మనిషి లేచి తిరిగాడు గానీ కుడిచెయ్యి మాత్రం పూర్తిగా వెనక్కి రాలేదు. వేళ్ళు వణికేవి, పట్టు చిక్కేది కాదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అమ్మ నీళ్ళగ్లాసు నిండా పొయ్యడం మానేసి సగమే పొయ్యడం మొదలుపెట్టింది. తమ్ముడు ఆయనకి గుండీల చొక్కాలు కాకుండా తలమీంచి తొడుక్కునేవి పట్టుకొచ్చి, షాపులో అవే ఉన్నాయని చెప్పాడు. షాపు నిండా గుండీల చొక్కాలే ఉన్న సంగతి నాకు తెలుసు. నాన్న ఆ చొక్కా తొడుక్కుని, "గాలి బాగా ఆడుతోంది" అని మెచ్చుకున్నాడు కూడా.

మిషను బయటికి తీసేముందు షెడ్డులో సర్వీసు చేసుకుంటున్న రోజులవి. వడ్లు రాల్చే డ్రమ్మును తిప్పడానికి పక్కన ఒక పెద్ద పుల్లీ ఉంటుంది. ఇంజిను బలమంతా బెల్టు మీదుగా దానికే వస్తుంది. ఆ పుల్లీని పట్టి ఉంచేవి నాలుగు బోల్టులు. నాన్న వాటిని బిగించి, గీతలు గీసి, భోజనానికి వెళ్ళాడు. నేను బెల్టు తుడుస్తుంటే నా వేలు ఒక బోల్టుకి తగిలింది. ఉత్త వేలికే అది కదిలింది.

గీత వైపు చూశాను. వానపాము పాకినట్టు వంకర్లు తిరిగి ఉంది. పిలిచి చెప్పొచ్చు. కానీ "నాన్నా, బోల్టు వదులుగా ఉంది" అనే మాటకి మా ఇంట్లో ఒకటే అర్థం, నీ చెయ్యి పోయింది అని. జబ్బు ఆయన దగ్గర్నుంచి చాలా పట్టుకుపోయింది. బరువులు ఎత్తడం పోయింది, ట్రాక్టరు తోలడం పోయింది, రాత్రిళ్ళు నిద్ర పోయింది. మిగిలిన ఈ ఒక్కదాన్నీ నా నోటితో లాక్కోలేకపోయాను. ఇంకెవరూ లేకుండా చూసి, పానా తగిలించి, దాని మీద కాలేసి తొక్కి మరీ బిగించాను. పాత గీత తుడిచేసి కొత్తగీత గీశాను. సొంత షెడ్డులో దొంగలా గుమ్మం వైపు చూస్తూ చేతులు తుడుచుకున్నాను.

అప్పటినుంచి అదొక పని అయింది నాకు. కోతలు మొదలయ్యాక, రెండు మూడు రోజులకోసారి మిషను షెడ్డులో ఆగిన రోజున నాన్న ఆ బోల్టులు చూసుకునేవాడు. పానా పెట్టి, పళ్ళు బిగబట్టి ఒక పట్టు పట్టి, "గట్టిగానే ఉన్నాయి" అనుకుని సుద్దముక్క తీసేవాడు. మధ్యాహ్నం ఆయన కాస్త కునుకు తియ్యగానే నేను వెళ్ళి మళ్ళీ తొక్కేదాన్ని. ప్రతిసారీ బోల్టు ఇంకాస్త తిరిగేది. అయ్యో, నాన్న ఎంత వదులుగా వదిలేశాడో అని కళ్ళమ్మట నీళ్ళు వచ్చేవి. ఇది తమ్ముడికి చెప్పలేదు. చెబితే వాడి కళ్ళల్లో కూడా నాన్న చులకన అవుతాడని నా భయం.

ఒకరోజు తెల్లారుతూనే తమ్ముడు షెడ్డులోంచి వస్తూ ఎదురయ్యాడు. చేతులనిండా గ్రీజు.

"ఏంట్రా, కోడి కంటే ముందు లేచావు?"

"నిద్ర పట్టలేదక్కా. బెల్టు ఎలా ఉందో చూద్దామని."

"బెల్టు ఎక్కడికైనా పారిపోతుందా?"

"నువ్వు నిన్న మధ్యాహ్నం షెడ్డులో ఏం వెతుకుతున్నావు మరి?"

వాడు చేతులు కడుక్కోవడానికి అటు, నేను ఇంట్లోకి ఇటు నడిచాం. ఇంకోరోజు వంటింటి తలుపు వెనకాల బారెడు ఇనపగొట్టం కనబడింది. ఇదెందుకని అమ్మని అడిగితే, "పాము వస్తే కొట్టడానికి" అంది, పొయ్యి మీంచి తల తిప్పకుండా. మా ఇంటి చుట్టుపక్కల పాము కనబడి ఎన్నేళ్ళైందో అమ్మకే తెలియాలి. అప్పుడైనా నేను ఆలోచించాల్సింది. నా దొంగతనంలో నేను మునిగి ఉంటే పక్కవాళ్ళ దొంగతనం ఎలా కనబడుతుంది?

చేలు ఒక్కొక్కటే కోసుకుంటూ పోయాం. ఆ ఏటి కోత వంతుల్లో ఆఖరిది గట్టవతలి బాబాయ్ చేను. మా చేనుకీ ఆయన చేనుకీ మధ్య గట్టొకటే అడ్డం కాబట్టి ఆయనకి ఆ పేరు. నాన్నకి చుట్టం కాదు, చుట్టం కంటే ఎక్కువ. అందరికంటే వెనక నాటాడు కాబట్టి అందరికంటే వెనక కోతకొచ్చింది. మబ్బులు కమ్ముకుంటున్నాయని మిగతావాళ్ళు గాభరా పడుతుంటే, ఆయన మాత్రం మా అరుగు మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు.

"నీకు భయం లేదా బాబాయ్?" అన్నాను.

"నాకెందుకమ్మాయ్ భయం? వానైనా ఆగిపోవచ్చు గానీ మీ నాన్న బిగించిన మిషను ఆగదు. అన్న చెయ్యి పడ్డ బోల్టు ఊడాలంటే భూకంపం రావాలి."

నాన్న నవ్వాడు. కుడిచెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని ఉన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నా గుట్టు నిలిచింది, కోతలు ఒడ్డెక్కుతున్నాయి, నాన్న నాన్నలాగే మిగిలాడు అనుకున్నాను. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే ఆ చేలో దిగాం. నాన్న మిషను చుట్టూ తిరిగి, పుల్లీ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడి, "ఊ, ఎక్కు" అన్నాడు. పడమట మబ్బు నల్లగా దిగి ఉంది. సగం చేను కోశాక, మలుపు తిప్పి కంకుల్లోకి దిగానో లేదో, పక్కన తుపాకీ పేలినట్టు చప్పుడైంది. మిషనంతా అదిరింది. ఇంజిను ఆపేలోపు ఇనుము ఇనుముని నమిలే మోత ఒకటి వచ్చి ఆగింది. దిగి చూస్తే పెద్ద పుల్లీ చోటు వదిలి, డ్రమ్ము పక్కరేకుని చీల్చుకుని అడ్డం పడి ఉంది. బెల్టు తెగి బురదలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డ్రమ్ము ఇరుసు మాత్రం వంగిపోయింది. అది సరి కావాలంటే పట్నం పోవాలి. పడమట మబ్బు అప్పటిదాకా ఆగదు.

బాబాయ్ వచ్చి చూశాడు. రంగు మారిన మొహంతో, కొడవళ్ళూ మనుషులూ, కుప్ప మీద కప్పే పట్టాలూ తెస్తానని పరిగెత్తాడు. చేలో మేము నలుగురమే మిగిలాం. అన్నం గిన్నెతో అప్పుడే గట్టు దిగిన అమ్మ, తమ్ముడు, నేను. కోసిన మళ్ళమీదుగా మెల్లగా నడిచి వచ్చిన నాన్న.

ఆయన మోకాళ్ళమీద కూర్చుని బురదలో చెయ్యిపెట్టి వెతికాడు. తెగిన బోల్టు ముక్క దొరికింది. చొక్కా అంచుతో తుడిచి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో దాన్ని పైనుంచి కిందికి తడిమాడు. తెగినచోట బోల్టు సాగిపోయి, సన్నబడి ఉంది. చూస్తే నాకే తెలిసింది. ఆయనకి చెప్పాలా?

"ఇది వదులై ఊడింది కాదు," అన్నాడు. "బిగించి బిగించి తెగింది."

మా ముగ్గురి వైపూ చూశాడు.

"నా చేతిలో అంత సత్తువ లేదు. ఎవరు?"

"నేనే నాన్నా," అన్నాను. నా మాట పూర్తి కాకముందే తమ్ముడూ "నేనే" అన్నాడు. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అప్పుడు అమ్మ, అన్నం గిన్నె చంకలోంచి దించకుండానే, "నేను కూడా. నాకు బలం చాలదని పానాకి గొట్టం తగిలించి..." అని ఆపేసింది.

ఇంకెప్పుడైనా అయితే నలుగురం కడుపుబ్బ నవ్వుకునేవాళ్ళం. తెల్లవారుజామున తమ్ముడు, మధ్యాహ్నం నేను, పొద్దుగూకేముందు షెడ్డు తలుపు వేసే వంకతో అమ్మ. ఒకరికి తెలియకుండా ఒకరం, ఒకే బోల్టు మీద. మాకు తిరిగింది నాన్న వదిలేసిన వదులు కాదు. మొదటిసారి తప్ప ఎప్పుడూ కాదు. మేమే సాగదీసిన ఇనుము మాకే తిరుగుతూ వచ్చింది. తెగేదాకా లాగొద్దంటారు. తెగేదాకా బిగించొద్దని ఎవరూ సామెత కట్టిపోలేదు.

"నాకు తెలుసు," అన్నాడు నాన్న. ఆయన గొంతులో కోపం లేదు. "గీతలు తిన్నగా ఉండేవి. ఈ చేత్తో నేను అంత తిన్నగా గీసి ఎన్నాళ్ళైంది? ఎవరో నా వెనకాల వస్తున్నారనుకున్నాను. మీ అమ్మే అనుకున్నాను. ఒక్కరే అనుకున్నాను."

"మరి అడగలేదేం నాన్నా?" అన్నాడు తమ్ముడు.

"అడిగితే, మీరు నిజం చెప్పాల్సి వచ్చేదిగా."

అమ్మ గట్టుమీద కూలబడి మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళూ పొద్దున్నే ఆ గీతలు చూసి "ఊ" అంటున్న మనిషి, అవి తనవి కావని తెలిసే అంటున్నాడు. మేము ఆయన పరువు కాపాడుతున్నామని మురిసిపోతుంటే, ఆయన మా మురిపెం కాపాడుతూ వచ్చాడు.

అంతలో బాబాయ్ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మా కలిసికట్టు చేలవాళ్ళందరూ ఉన్నారు. కొడవళ్ళు పట్టుకుని తలోపక్కా దిగబోతూ, మిషను చూసి ఆగారు.

"ఏమైందన్నా? ఎలా ఊడింది?" అన్నాడు బాబాయ్.

తమ్ముడు ముందుకి అడుగేశాడు. "బాబాయ్, అది మేము..."

నాన్న వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ కుడిచెయ్యే. ఇంకో చేత్తో బోల్టుముక్క జేబులో వేసుకున్నాడు.

"బోల్టు నేను సరిగ్గా బిగించలేదురా," అన్నాడు. "జబ్బు చేసినప్పటినుంచీ చెయ్యి వణుకుతోంది. పట్టు లేదు. చెప్పకుండా దాచుకున్నాను. పిల్లలకి తెలియదు." తమ్ముడి భుజం మీంచి చెయ్యి తీసి అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. గాలికి ఆకు కదిలినట్టు కదులుతోంది అది. అన్నాళ్ళూ తువ్వాలు కిందా, జేబులోనూ, వీపు వెనకా దాచుకున్న చెయ్యి.

బాబాయ్ ఆ చెయ్యిని చూసి అన్నాడు.

"చేతకానప్పుడు చేతకాదని చెప్పాలన్నా. నీ చెయ్యి నమ్మి నేను మబ్బు చూసి కూడా కూలీల్ని పిలవలేదు. ఏడాదంతా మేము తినే తిండి ఇది."

"నిజమే," అన్నాడు నాన్న. "తప్పు నాదే."

తరవాత మాటలకి తీరిక లేదు. దొరికినంత చేను కొడవళ్ళతో కోశాం. నాన్న ఎడంచేత్తో పట్టా కొస పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ ఆయన్ని ఏ పనీ అడగలేదు, వద్దనీ అనలేదు, పక్కనుంచి తప్పుకుని వెళ్ళారంతే. సాయంత్రానికి వాన దిగింది. తెరిపి లేకుండా కురిసి, నిలబడ్డ చేనుని పడుకోబెట్టేసింది. నీళ్ళల్లో పడ్డ కంకులు మొలకలెత్తాయి. ఎవరి చేనులోనైనా ఆ పచ్చదనం చూస్తే కళ్ళకి చల్లగా ఉంటుంది. ఆ చేనులో మాత్రం చూడలేకపోయాను.

వాన వెలిశాక నాన్నని అడిగాను. ఆయన అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఎందుకలా చెప్పావు నాన్నా? బోల్టు తెంపింది మేము."

"రేపటినుంచి ఆ మిషను తమ్ముడు చూసుకోవాలి, నువ్వు నడపాలి. మీ చేతిలో తెగిందని తెలిస్తే మళ్ళీ ఎవడు చేలోకి రానిస్తాడు?"

"అందుకని నువ్వు అబద్ధమాడతావా?"

"సగమే అబద్ధం," అన్నాడు, కాళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యి పోయింది నిజమే కదమ్మా. ఎలాగూ పోయినదానిమీద ఇంకో మాట పడితే ఏమైంది? మీ చేతులు ఇంకా చాలా ఏళ్ళు పని చెయ్యాలి."

అమ్మ ఊరుకోలేకపోయింది. ఒకరోజు గట్టు దాటి బాబాయ్ ఇంటికి బయల్దేరింది, ఉన్నదున్నట్టు చెప్పేస్తానని. నాన్న గుమ్మం దగ్గరే అడ్డం నిలబడి, "వద్దే. చెబితే నేను పడ్డదంతా దండగ," అన్నాడు. అమ్మ వెనక్కి తిరిగి వచ్చి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. మింగలేక కక్కలేక అంటే ఏమిటో ఆ ఏడు మా ముగ్గురికీ బాగా తెలిసొచ్చింది.

నాన్న మళ్ళీ షెడ్డులో అడుగు పెట్టలేదు. తమ్ముడు కొత్త ఇరుసు తెచ్చి, రోజుల తరబడి తంటాలు పడి, మిషనుని మళ్ళీ మనిషిని చేశాడు. అర్థం కానిచోట అరుగు దగ్గరికి వచ్చి అడిగేవాడు. నాన్న కూర్చున్నచోటునుంచే చెప్పేవాడు, ఓపిగ్గా, ఎంతసేపైనా. రమ్మంటే మాత్రం "నాకెందుకురా" అనేవాడు. ఇంజిను మొదటిసారి అందుకున్న రోజున ఆయన మొహం చూడాలని నేను షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చాను. వినబడనట్టే అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. నేను దగ్గరికి వెళ్ళలేదు.

కోతలు ముగిసి, చేలు ఎండి, మళ్ళీ నీళ్ళు పెట్టుకునే రోజులొచ్చాయి. బాబాయ్ మా గడప తొక్కి అప్పటికి చాలా కాలమైంది. ఒక సాయంత్రం నీళ్ళ మోటారు భుజాన పెట్టుకుని వచ్చాడు. నాన్న అరుగు మీదే ఉన్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. బాబాయ్ ఆయన వైపు సరిగ్గా చూడలేదు, గోడతో మాట్లాడుతున్నట్టు అడిగాడు.

"చిన్నోడున్నాడా? మోటారు పట్టేసింది."

ఆ మోటారు విప్పి కట్టింది ఎన్నిసార్లో, ప్రతిసారీ నాన్నే. దాని జబ్బేంటో అక్కడ కూర్చునే చెప్పగలడు. ఆయన లేచాడు.

"ఉన్నాడు, పిలుస్తాను. నువ్వు కూర్చో," అన్నాడు. షెడ్డు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి అడుగు పెట్టకుండా, బయటినుంచే తమ్ముణ్ణి కేకేశాడు.

తమ్ముడు వచ్చి అక్కడే అరుగు కింద మోటారు విప్పాడు. పట్టేసిన బేరింగ్ తీసి కొత్తది వేసి, మూత పెట్టి, బోల్టులు బిగించడం మొదలుపెట్టాడు. బాబాయ్ వాడి మీదికి వంగి చూస్తున్నాడు.

"జాగ్రత్తగా బిగించరా," అన్నాడు. "మీ నాన్నలా వదిలెయ్యకు."

తమ్ముడి చేతిలో పానా ఆగిపోయింది. వాడు తలెత్తి నాన్న వైపు చూశాడు. వాడి పెదాలు కదలబోయాయి.

"చెప్పు, వాడికి బాగా చెప్పు," అన్నాడు నాన్న బాబాయ్‌తో. ఆయన మొహంలో చిన్న నవ్వు కూడా ఉంది. "నేను చెబితే వినడు."

తమ్ముడు తల దించుకుని బోల్టు బిగించాడు.